నాచుపైరు కోత – బూజు సాయము



చేనిలో నిలిచిన పైరు ఇంటికి వచ్చిన పంట కాదని మనకు వేఱొకరు చెప్ప నక్కఱలేదు. వెన్ను వంగిన వరి గాలివానకు ఒఱిగి నీటిలో మొలకెత్తుటయు, నూవుకాయ చేలోనే పగిలి గింజ నేలపాలగుటయు మనమెఱిగినవే. కోసి, కుప్పవేసి, నూర్చి, తూర్పారబట్టి, గాదెలో పోసిన పిమ్మటనే రైతు లాభనష్టముల లెక్క చూచుకొనును. ఈ పాతమాటను మరల చెప్పుటకు కారణము, మన సంఘముల యెదుటకు క్రొత్తగా వచ్చుచున్న ఒక పైరు. అది నీటిలో పెరుగు నాచు.

కొందఱు ఏజెంటులు గ్రామములకు వచ్చి, చేతిఫోనులలో పచ్చని తొట్ల బొమ్మలు చూపి, నాచునుండి నూనె వచ్చునని, పశువులకు దాణా వచ్చునని, మందులకు సరుకు వచ్చునని చెప్పుచున్నారు. వారు చెప్పునదంతయు అబద్ధమని నేననను. కాని వారు పెంపకమును గూర్చి ఒక గంట చెప్పి, కోతను గూర్చి ఒక్కమాటయైనను చెప్పరు. ఈ మధ్య కొందఱు, “కోతకు చింతలేదు, బూజు వేసిన నాచు తనంతట ఉండకట్టును” అని కూడ చెప్పుచున్నారు. ఈ మాటలో నిజమెంత, మన సంఘములకు దానివలన ప్రయోజనమెంత అనునది విచారించుటయే నా ఉద్దేశము.

నా అభిప్రాయమును ముందే చెప్పెదను. బూజుతో నాచును కోయుట మంచి ఉపాయము. పరీక్షలలో నిలిచిన ఉపాయము. అయినను దానిని నమ్మి సంఘపు సొమ్మును నాచుతొట్లలో పోయుటకు ఇంకను వేళ కాలేదు. మురుగునీటిని శుభ్రపఱచుకొనవలసిన చోట మాత్రము చిన్న పరీక్షగా దానిని చేసి చూడవచ్చును.

నాచు స్వభావము

వేసవిలో చేపలచెఱువు నీరు చిక్కని ఆకుపచ్చగా మాఱుట అందఱును చూచియున్నారు. ఆ పచ్చదనమంతయు కంటికి విడిగా కనబడని మొక్కల సమూహము. వీనికి వేరు లేదు, కాండము లేదు, ఆకు లేదు. ఒక్కొక్క కణమే ఒక్కొక్క మొక్క. క్లోరెల్లా అను జాతి కణపు అడ్డుకొలత 2 మొదలు 10 మైక్రానులు. మిల్లీమీటరును వేయి భాగములు చేసిన అందొక భాగము మైక్రాను. మన తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. అనగా ఆ మందములో క్లోరెల్లా కణములు ఏడు మొదలు ముప్పదియైదు వఱకు ప్రక్కప్రక్కన ఇముడును.

ఎండ, గాలిలోని బొగ్గుపులుసు వాయువు, నీటిలో కొంచెము నత్రజని, కొంచెము భాస్వరము లభించిన చాలు, ఈ నాచు వేగముగ పెరుగును. అన్నియు అనుకూలించినచో ఒక్క దినములోనే రెట్టింపగు జాతులు కలవు. వీనిలో మాంసకృత్తులు హెచ్చుగ నుండును; కొన్ని జాతులలో నూనెయు నుండును. ఇంతవఱకు ఏజెంటులు చెప్పునది సత్యమే.

వారు చెప్పనిది నీటి లెక్క. పైకప్పులేని తొట్లలో పెంచిన నాచు సాధారణముగ లీటరు నీటికి అరగ్రాము మాత్రమే యుండును. 5 సెంట్ల నేలలో అడుగులోతు నీరు నిలిపిన సుమారు 60 వేల లీటర్లు పట్టును. ఆ నీటిలోని నాచునంతయు ఒక్క కణమైనను పోకుండ తీసి ఎండబెట్టిన 30 కిలోలగును. అనగా ఒక కిలో ఎండునాచు కొఱకు 2 వేల లీటర్ల నీటిని వడకట్టవలెను. నీరు చూచుటకు ఎంత పచ్చగా నున్నను, అందలి సరుకు ఇంతే.

ఈ కణములు తమంతట అడుగునకు దిగవా యని అడుగవచ్చును. అవి మిక్కిలి చిన్నవి. బరువులో నీటికంటె కొంచెమే హెచ్చు. అంతేగాక వాని పైపొరపై ఋణ విద్యుత్తు నిలిచియుండును. అయస్కాంతపు ఒకేజాతి కొనలు ఒకదానినొకటి త్రోసివేయునట్లు, ఈ కణములును ఒకదానినొకటి త్రోసివేయుచు విడివిడిగా తేలుచుండును. కలిసి బరువెక్కిననే గదా క్రిందికి దిగుట!

ఇందుకు వాడుకలో నున్న మార్గములు మూడు. మొదటిది, పాలనుండి మీగడ తీయు యంత్రమువలె గిరగిర త్రిప్పి వేఱుచేయు యంత్రము. ఇది చక్కగా పనిచేయును గాని, యంత్రపు వెలయు కరెంటు ఖర్చును హెచ్చు. రెండవది సన్నని జల్లెడలతో వడకట్టుట. ఆ రంధ్రములు త్వరగా పూడిపోవును. మూడవది పటిక మొదలగు వానిని కలిపి పేరబెట్టుట. ఇందులో ఖర్చు తక్కువ. కాని పటికలోని అల్యూమినియము నాచుతోనే నిలిచిపోవును గనుక అట్టి సరుకును పశువులకు పెట్టుట తగదు. నాచు ఉత్పత్తికగు మొత్తము ఖర్చులో నూటికి 20 మొదలు 30 పాళ్లు కోతకే పోవునని శాస్త్రజ్ఞులు అంచనా వేసియున్నారు.

స్పైరులినా అను జాతి మాత్రము దీనికి మినహాయింపు. అది ఒంటికణము గాక, చుట్టలు తిరిగిన పొడవైన పోగువలె నుండును గనుక గుడ్డలోనే నిలుచును. ఆఫ్రికాలోని చాద్ సరస్సు ప్రాంతమున కనెంబు జాతి స్త్రీలు దీనిని నీటినుండి తీసి, ఇసుకపై పోసి నీరింకజేసి, బిళ్లలుగా ఎండబెట్టుకొందురు. స్పైరులినా చిన్న తొట్లలోను పెంచి అమ్ముకొనదగినదగుటకు ఈ కోత సౌలభ్యము ఒక ముఖ్యకారణము. స్పైరులినాకు చెల్లిన మాట క్లోరెల్లాకు చెల్లదని సభ్యులు గుర్తుంచుకొనవలెను.

నా అనుభవము

పై మాటలు గ్రంథములు చూచి మాత్రమే వ్రాసినవి కావు. చిన్ననాడు మిషను పాఠశాలలో మా ఉపాధ్యాయుడు సూక్ష్మదర్శినిలో గుంటనీటి చుక్కను చూపినది మొదలు నాకు ఈ పచ్చకణములపై మక్కువ. అందుచేత, నేను పనిచేయు ప్రాంతములోని ఒక సంఘమువారు నాచుతొట్ల పథకమును గూర్చి నన్ను సలహా అడిగినప్పుడు, మంచి దానియందున్న మక్కువచే తొందరపడి “చేయవచ్చు”నంటిని. ఆ తప్పు నాది.

సంఘము సొమ్ము పెట్టకముందు నేనే చేసి చూచుట మేలని, పది అడుగుల పొడవు, ఆఱు అడుగుల వెడల్పుగల సిమెంటు తొట్టిలో అడుగు లోతున నీరు నిలిపి, గోబర్‌గ్యాసు తొట్టినుండి వచ్చిన తేటను తగుమాత్రము కలిపి క్లోరెల్లాను పెంచితిని. పండ్రెండు దినములకు నీరు చిలుకపచ్చ నయ్యెను. చూడవచ్చినవారెల్లరు సంతోషించిరి. పంచెను నాలుగు మడతలు వేసి వడపోయగా, పైన పోసిన నీరెంత పచ్చగా నుండెనో క్రిందికి దిగిన నీరును అంత పచ్చగానే యుండెను. బానలలో నింపి రెండు రాత్రులు కదపకుండ నుంచితిని. అడుగున సన్నని పొర తప్ప మఱేమియు దిగలేదు. చివరకు పటిక వేసితిని. తెల్లవారునప్పటికి పచ్చని మడ్డి దిగెను. దానిని ఎండబెట్టి తూచగా 1,700 లీటర్ల నీటికి ముప్పాతిక కిలోకు లోపుగనే వచ్చెను. పటిక కలిసినదగుటచే దానిని ఏ పశువునకును పెట్టక ఎఱువుగుంటలో వేసితిని.

మఱుసటి సమావేశమున సభ్యులయెదుట ఆ సంగతి యున్నదున్నట్లు చెప్పి, నా మొదటి సలహాను వెనుకకు తీసికొంటిని. నిలువనిధినుండి తీయదలచిన సొమ్ము తీయబడలేదు. తొట్టి ఎండిపోయినను సంఘము ఎండిపోలేదు. ఈ కోత చిక్కునకు విరుగుడు వెదకుచుండగా బూజు ఉపాయము నా దృష్టికి వచ్చెను.

బూజు చేయు పని

బురదనీరు తేరుటకు మన పెద్దలు చిల్లగింజను కుండలోపల అరగదీయుట మీరెఱుగుదురు. దానిలోని జిగురు పదార్థము బురదరేణువులను ఒకటిగ చేర్చి అడుగునకు దింపును. బూజు చేయు పనియు కొంతవఱకు ఇట్టిదే.

బూజు అనగా రొట్టెపైన, తడిసిన గింజలపైన, పచ్చళ్లపైన పట్టునదే. దాని శరీరమంతయు సన్నని పోగులు. బూజు విత్తనమువంటి సిద్ధబీజములను తీపిగల నీటిలో వేసి ఆ నీటిని ఎడతెగక కదలించుచుండిన, పోగులు ఒకదానితో నొకటి పెనవేసికొని, ఆవగింజంత, బఠాణీగింజంత గుండ్రని ఉండలగును. ఆ నీటిలోనే నాచుకణము లున్నచో అవియు ఆ పోగులకు అంటుకొనును. దీనికి కారణములు రెండు చెప్పుచున్నారు. వలలో చేప చిక్కినట్లు కణములు పోగుల నడుమ చిక్కుట ఒకటి. బూజు పైపొరలోని పదార్థములును, అది నీటిలోనికి విడుచు జిగురును కణములను పట్టి నిలుపుట రెండవది. రొయ్యపెంకులోనుండు కైటిన్ అను పదార్థమే బూజుపొరలోను కలదు. రొయ్యపెంకునుండి తీసిన కైటోసాన్‌తో నాచును పేరబెట్టుట ఇదివఱకే తెలిసిన పద్ధతి.

ఇట్లు అంటిన పిమ్మట కోత మిక్కిలి తేలిక. మైక్రానులలో కొలువవలసిన సరుకు మిల్లీమీటరులలోనికి వచ్చును. యంత్రము లేకయే, మామూలు జల్లెడతో ఎత్తివేయవచ్చును.

బూజునకును నాచునకును స్నేహము నేటిది కాదు. మన వంటయింటి మసాలాలో వేయు రాతిపువ్వు ఈ రెండింటి కాపురమే. బూజు ఇల్లు కట్టి తేమ నిలుపును. నాచు ఎండనుండి ఆహారము వండిపెట్టును. రాతిపువ్వు వంటివి ఒక మొక్క కావు, రెండు ప్రాణుల కలయికయని 1867లో స్విట్జర్లాండు దేశీయుడైన సైమన్ ష్వెండెనర్ చెప్పినప్పుడు చాలమంది పండితులు నమ్మలేదు. నేడు అది పాఠశాల పుస్తకములలో చేరినది.

నాచుకోతకు బూజును వాడు పరిశోధన ఇటీవలిది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమువారు క్లోరెల్లా వల్గారిస్ అను నాచును ఆస్పర్జిల్లస్ జాతి బూజుతో కలిపి పెంచి, రెండును కలిసిన ఉండలుగా తీయవచ్చునని 2012లో ప్రకటించిరి. ఆస్ట్రేలియాలోని ఆర్.ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయమున ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ అను బూజును పలువిధములైన నాచులతో పరీక్షించి 2014లో ఫలితములు వెల్లడించిరి. అచటివారే 2015లో పందుల కొట్టముల మురుగునీటితో చేసిన ప్రయోగములను ప్రకటించిరి. మిచిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు 2018లో ఉప్పునీటి నాచును మోర్టియరెల్లా అను నూనెబూజుతో కలిపి, కోతయు నూనెయు రెండును మెఱుగుపడినట్లు చూపిరి. తగిన జత కుదిరినప్పుడు నీటిలోని నాచులో నూటికి 90 పాళ్లకు పైగా ఒకటి రెండు దినములలోనే బూజునకు అంటుకొనినట్లు పలు ప్రయోగములు తెలుపుచున్నవి. అందుచేత “బూజు వేసిన నాచు ఉండకట్టును” అను మాట కల్పన కాదు.

ఇబ్బందులు

అయినచో ఆలస్యమెందుకని సభ్యులు అడుగుదురు. ఇబ్బందులు ఐదు కలవు.

మొదటిది బూజునకు తిండి. నాచు ఎండతో బ్రతుకును, బూజు బ్రతుకదు. దానికి తీపియో పిండియో కావలెను. ఒక కిలో ఎండుబూజు తయారగుటకు సుమారు 2 కిలోల చక్కెర పట్టును. నాచు బరువుతో ఇంచుమించు సరితూగు బూజును వాడవలసివచ్చినచో, మనము పైన లెక్కించిన 30 కిలోల నాచును తీయుటకు 60 కిలోల చక్కెర కావలెను! కోత కూలి పంట వెలను మ్రింగిన చందమున నుండును. కాబట్టి చక్కెర కొని ఈ పని చేయుట కూడదు. చక్కెర మిల్లుల మడ్డియో, పిండి కడిగిన నీరో, పాలకేంద్రపు కడుగునీరో, ఏదో ఒక వ్యర్థపదార్థము దగ్గఱలో ఉచితముగ దొరకవలెను.

రెండవది పులుపు. బూజు పులుపు నీటిలో చక్కగా ఉండకట్టును; నాచు పులుపు లేని నీటిలో చక్కగా పెరుగును. ఒకదానికి హితమైనది వేఱొకదానికి హితము కాదు. బూజును వేఱుగ పెంచి, తయారైన ఉండలను నాచునీటిలో కలుపుట దీనికొక దారి. కాని దానికి రెండవ తొట్టియు, రెండవ పనియు కావలెను.

మూడవది విడదీయరామి. బూజును నాచును ఒకమాఱు అతికిన పిమ్మట విడదీయుట మిక్కిలి కష్టమైన పని. శుద్ధమైన నాచుపొడిని హెచ్చువెలకు కొను వర్తకుడు ఈ మిశ్రమమును కొనడు. ఏజెంటులు చెప్పు వెలలు శుద్ధమైన పొడి వెలలు. ఉపాయము మాత్రము మిశ్రమమును ఇచ్చు ఉపాయము. ఈ రెండింటిని ఒకే లెక్కలో వేయుట మోసము.

నాలుగవది, అన్నింటికంటె ముఖ్యమైనది, బూజు జాతి. అన్ని బూజులును మంచివి కావు. పరీక్షలలో బాగుగ పనిచేసిన ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ బలహీనుల ఊపిరితిత్తులలో చేరి ప్రాణాపాయమైన జబ్బు కలిగింపగలదు. దానికి దాయాదియైన ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ తడిసిన వేరుసెనగకు పట్టి అఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించును. 1960లో ఇంగ్లండున ఆ విషముగల వేరుసెనగ పిండిని తిని లక్షకు పైగా టర్కీకోళ్లు చచ్చెను. 1974లో మన దేశముననే రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గ్రామములలో బూజుపట్టిన మొక్కజొన్న తిని నూఱుమందికి పైగా మరణించిరి. వేరుసెనగ పండించు రాయలసీమ రైతునకు ఈ హెచ్చరిక క్రొత్తది కాదు. అదే కుటుంబములోని ఆస్పర్జిల్లస్ ఒరైజేను మాత్రము జపానువారు శతాబ్దములుగ సోయా పులుసునకు, బియ్యపు సారాకు వాడుచున్నారు. ఒకే ఇంటిపేరుగలవారిలో మంచివాడును చెడ్డవాడును ఉన్నట్లే బూజులలోను ఉన్నవి. కంటితో చూచి ఏది యేదియో చెప్పుట రైతునకు గాని నాకు గాని సాధ్యము కాదు. ఊరిలో దొరికిన బూజును తొట్టిలో వేసి, వచ్చినదానిని గేదెకు పెట్టుట ఎన్నటికిని చేయరాదు.

ఐదవది పరిమాణము. ప్రకటింపబడిన పరీక్షలలో పెక్కు గాజుబుడ్లలోను చిన్న తొట్లలోను జరిగినవి. బుడ్డిని కదలించు యంత్రము పనిని 60 వేల లీటర్ల మడుగులో ఎవరు చేయుదురు? బయటి నీటిలో బూజుతో పోటీపడు బాక్టీరియా లెక్కకు మిక్కిలి. పరిశోధనాలయమున గెలిచినది పొలములో గెలుచునని చెప్పరాదని ఇరువది ఏండ్లుగా ప్రదర్శన క్షేత్రములలో తిరిగిన నేను ప్రతి పైరునందును చూచితిని.

ధనవంతులకే ఈ దారి సుగమము కాలేదు. అమెరికా ప్రభుత్వము 1978 మొదలు 1996 వఱకు నాచునుండి నూనె తీయు పరిశోధన నడపెను. 1998లో వెలువడిన దాని తుది నివేదికలో, పెట్రోలియముతో పోల్చిన నాచునూనెకగు ఖర్చు మిక్కిలి హెచ్చని తేల్చిరి. ఎక్సాన్ మొబిల్ కంపెనీ 2009లో నాచునూనె యత్నమును ఆరంభించి, 2023 నాటికి విరమించుకొనెను. వారు పోగొట్టుకొనినది వారి లాభములలో కొంత. మన సంఘము పోగొట్టుకొనునది సభ్యుని విత్తనపు అప్పు.

ఎచట పనికివచ్చును

ఇన్ని ఇబ్బందులు చెప్పి, ఉపాయమును పారవేయుడని నేననను. పైన చెప్పిన చిక్కులలో చాలభాగము తొలగిపోవు స్థలమొకటి కలదు. అది మురుగునీటి స్థలము.

పాల సహకార సంఘపు శీతలకేంద్రమును చూడుడు. డబ్బాలును తొట్లును కడిగిన నీటిలో పాలచక్కెర యుండును; అది బూజునకు తిండి. అందే నత్రజనియు భాస్వరమును ఉండును. అవి నాచునకు ఎఱువు. ఆ నీటిని ఊరి కాలువలోనికి విడిచిన దుర్వాసనయు దోమలును, క్రింది రైతుతో తగవును వచ్చును. బూజును నాచును కలిపి పెంచిన, ఒకటి చక్కెరను, రెండవది లవణములను తీసికొని నీటిని తేర్చును. బూజు విడుచు బొగ్గుపులుసు వాయువును నాచు తీసికొనును. నాచు విడుచు ప్రాణవాయువును బూజు తీసికొనును. వచ్చిన ఉండలను జల్లెడతో ఎత్తి గోబర్‌గ్యాసు తొట్టిలో వేయవచ్చును. ఇచట శుద్ధమైన పొడి అక్కఱలేదు, వర్తకుడు అక్కఱలేదు, పశువుల నోటికి పోవునను భయము లేదు. సరుకు అమ్ముడుపోకున్నను నీరు శుభ్రపడుటయే లాభము.

ఇక కోత అక్కఱలేని నాచులును కలవు. కోస్తాలోని రొయ్యపిల్లల హేచరీలలో నాచును నీటితో సహా పిల్లల తొట్లలో పోయుదురు. వరిమడిలోని నీలి ఆకుపచ్చ నాచు గాలిలోని నత్రజనిని పట్టి నేలకిచ్చునని 1939లో పి.కె.దే అను భారతీయ శాస్త్రజ్ఞుడు వెల్లడించెను. ఊడ్చిన వారమునకు ఎకరమునకు 4 కిలోల చొప్పున ఆ నాచుపొడిని నిలిచిన నీటిపై చల్లుట సిఫారసైన పద్ధతి. అది పెరిగిన చోటనే చచ్చి, ఎఱువై వరికి చేరును. అజొల్లాను చేతిజల్లెడతో ఎత్తి పశువునకు వేయవచ్చును. చేతికందిన ఈ సులభమైన వానిని పూర్తిగ వాడుకొనకయే, అందని దానికై అప్పుచేయుట బుద్ధిమంతుల లక్షణము కాదు.

సంఘములు చేయవలసినది

“అందఱును జాగ్రత్త జాగ్రత్త యని కూర్చుండిన, లాభము పైవారు తన్నుకొనిపోవుదురు” అని ఒక యువసభ్యుడు నాతో వాదించెను. అతని మాటలో న్యాయము లేకపోలేదు. నూతన పద్ధతులను మొదట చేపట్టినవారే మొదట నేర్చుకొందురు. కాని నేర్చుకొనుటకు వేయి లీటర్ల తొట్టి చాలును. దానికి లక్షల అప్పు అక్కఱలేదు. చిన్నతొట్టిలో ఓడినవాడు పాఠము నేర్చును. పెద్దతొట్టిలో ఓడినవాడు పొలము అమ్మును.

కావున నాచు పథకముతో వచ్చినవానిని సంఘపు కార్యవర్గమువారు ఈ ప్రశ్నలు అడుగవలెను. ఇది ఏ జాతి నాచు? దీనిని నీటినుండి ఎట్లు తీయుదువు? ఒక కిలో ఎండుసరుకు తీయుటకు కరెంటు, కూలి, మందు కలిసి ఎంతయగును? బూజు వాడుదునన్నచో అది ఏ జాతి బూజు, ఏ సంస్థనుండి తెత్తువు, దాని తిండి ఎచటనుండి వచ్చును? వచ్చిన సరుకును కొనువాడెవడు, అతడు వ్రాతపూర్వకముగ ఏమి ఒప్పుకొనెను? ఈ ప్రశ్నలకు కాగితముపై జవాబులు వ్రాసి సంతకము చేయనివానికి వాటాధనమునుండి ఒక్క రూపాయియైనను ఇయ్యరాదు.

పాల సంఘములు మాత్రము వ్యవసాయ విశ్వవిద్యాలయపు సూక్ష్మజీవశాస్త్ర శాఖవారిని సంప్రదించి, వారు గుర్తించి యిచ్చిన నిరపాయమైన బూజుతో, వారి పర్యవేక్షణలో, కడుగునీటిపై ఒక చిన్నతొట్టి పరీక్ష పెట్టుకొనిన బాగుండును. పోసిన నీరెంత, తేరిన నీరెంత, ఎత్తిన సరుకెంత, ఖర్చెంత అని ప్రతిదినము పుస్తకములో వ్రాయవలెను. ఒక్క ఋతువులో గాక, ఎండలోను వానలోను చలిలోను చూడవలెను. ఆ లెక్క మంచిదైనను చెడ్డదైనను ఈ పత్రికలో ప్రకటించిన, ఇతర సంఘములకు ఆ ఖర్చు తప్పును. ఒకరి అనుభవము అందఱి సొత్తగుటయే గదా సహకారము!

నా తొట్టిలోని పచ్చనీటిని చూచి సంతోషించినవారిలో మొదటివాడను నేనే. ఆ నీరు పంచెలోనుండి పచ్చగానే దిగినప్పుడు నేను నేర్చుకొనిన పాఠమును మీరు సొమ్ము పెట్టి నేర్చుకొనవలదని నా ప్రార్థన. ఏ క్రొత్త పైరు వచ్చినను మొదట కళ్లమును గూర్చి అడుగుడు; విత్తనమును గూర్చి తరువాత అడుగవచ్చును.

ఇట్లు,
మీ సేవకుడు,
ఒక వ్యవసాయ ప్రదర్శకుడు